మూడో గడి

బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులకు రెండో సెమిస్టర్‌లో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పేపర్ ఉంటుంది. మెంటల్ హెల్త్ నర్సింగ్ ఐదు, ఆరు సెమిస్టర్లలో వస్తుంది. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సిలబస్‌లో వరస ఇది. మొదటిది కంప్యూటర్ ల్యాబ్ చదువనీ, రెండోది వార్డు చదువనీ విడదీసి చూడటం మనకు అలవాటు. కానీ ఈ రెండు చదువుల చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటికీ చిక్కు ఒక్కచోటే పడిందని తెలుస్తుంది. బాధలో ఉన్న మనిషి అన్న మాటను రికార్డుకెక్కించేటప్పుడు ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది? సైకియాట్రిక్ నర్సింగ్ ఈ ప్రశ్నను ముందే, మరింత శ్రద్ధగా పట్టించుకుంది. ఇన్ఫర్మాటిక్స్ ఆ అనుభవాన్ని అందుకోవాలన్నది నా వాదన.

మొదట్లో నర్సుకు ఈ ప్రశ్నే ఎదురుకాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో మెక్లీన్ ఆసుపత్రి 1882లో మానసిక రోగుల సేవకు నర్సులను తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు, వారి పనంతా స్నానం, తిండి, పరిశుభ్రత, కనిపెట్టుకుని ఉండటం. 1913లో జాన్స్ హాప్కిన్స్ నర్సింగ్ స్కూలు మానసిక రోగుల నర్సింగ్‌ను తన పాఠ్యక్రమంలో చేర్చుకుంది. 1920లో ఈ విషయం మీద హారియెట్ బెయిలీ రాసిన పాఠ్యపుస్తకం వచ్చింది. అసలు మలుపు నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్‌తో వచ్చింది. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని చెప్పిన ఆమె పుస్తకం 1948 నాటికే సిద్ధమైనా, అచ్చయింది 1952లో. డాక్టరు పేరు లేకుండా ఒక నర్సు పేరు మీద మాత్రమే పుస్తకం వేయడానికి ప్రచురణకర్తలు వెనకాడారు. ఆ తర్వాత ఆమె రట్గర్స్ విశ్వవిద్యాలయంలో సైకియాట్రిక్ నర్సులకు పీజీ కోర్సు నెలకొల్పింది. రోగితో జరిగిన సంభాషణను మాట పొల్లుపోకుండా రాయించి, దాన్ని విద్యార్థుల చేతే విశ్లేషింపజేసింది. సోషల్ వర్క్‌లో అప్పటికే ఉన్న ఈ ప్రాసెస్ రికార్డింగ్ పద్ధతి అలా నర్సింగ్ చదువులోనూ పాతుకుపోయింది.

మన నర్సింగ్ కాలేజీల రికార్డు పుస్తకాల్లోనూ ఆ ప్రాసెస్ రికార్డింగ్ పట్టిక ఉంటుంది. గడుల పేర్లు కొంచెం అటూ ఇటూ మారినా లెక్క ఒకటే: రోగి మాట, నర్సు మాట, ఆ మాట వెనక ఏముందన్న పరిశీలన. రోగి “నన్నెవరూ చూడటానికి రారు” అన్నాడనుకుందాం. విద్యార్థిని “అలా అనకండి, వస్తారు” అంటుంది. మొదటి రెండు గడులూ క్షణంలో నిండుతాయి. మూడో గడి దగ్గర ఆగి ఆలోచిస్తే తను ఓదార్చలేదనీ, అతని మాటకు అక్కడే అడ్డుకట్ట వేసిందనీ ఆమెకు తెలిసొస్తుంది. ఆ గడి రోగి గురించి ఎంత చెబుతుందో, వింటున్న నర్సు గురించీ అంతే చెబుతుంది. ఈ చదువు మొత్తంలో ఇంతకన్నా విలువైన సాధనం నాకు కనబడదు.

కంప్యూటరు నర్సింగ్ చదువులోకి మరో ద్వారం గుండా వచ్చింది. 1963 నాటికే ఇల్లినాయ్‌లో నర్సు మేరీయాన్ బిట్జర్ ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద గుండెజబ్బు రోగుల సంరక్షణ పాఠాన్ని నడిపింది. అక్కడ ప్రశ్నలు శరీరానివి, జవాబులు తేల్చి చెప్పగలిగినవి. మాట సంగతి వేరు. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించిన ఎలైజా ప్రోగ్రామ్ మానసిక చికిత్సకుడిలా సంభాషించేది. “మా నాన్న” అని టైపు చేస్తే “మీ నాన్న గురించి ఇంకా చెప్పండి” అనే తరహా జవాబు ఇచ్చేది. పట్టిక భాషలో చెప్పాలంటే, మొదటి గడిలోని మాటను తిరగేసి రెండో గడిలో పెట్టేది. మూడో గడి దానికి లేదు. ఆ ప్రోగ్రామ్ తయారీని నెలల తరబడి చూసిన ఆయన కార్యదర్శి కూడా, దానితో రెండు మాటలు సాగగానే ఆయన్ని గదిలోంచి బయటికి వెళ్లమంది. ఆ ఉదంతం వైజెన్‌బామ్‌ను కలవరపెట్టింది. 1976 నాటి తన పుస్తకంలో, యంత్రానికి అప్పగించకూడని పనులు కొన్ని ఉన్నాయని వాదించాడు. ఇక నర్సింగ్‌లో కంప్యూటర్ చదువు విషయానికొస్తే, అమెరికా నర్సుల సంఘం ఇన్ఫర్మాటిక్స్‌ను ప్రత్యేక విభాగంగా గుర్తించింది 1992లో.

మన దేశంలో బెంగళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, అంటే నేటి నిమ్హాన్స్, 1950ల్లోనే సైకియాట్రిక్ నర్సింగ్ డిప్లొమా మొదలుపెట్టింది. ఇన్నేళ్ల అనుభవం ఉన్న చదువును ఇన్ఫర్మాటిక్స్‌తో ముడిపెట్టకపోవడం నాకు లోటుగా తోస్తుంది. దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ఒక్క నర్సు వార్డంతా చూసుకునే చోట ప్రతి మాటా రాయడం కుదరదనీ, గుర్తు పెట్టి ముగించే డిజిటల్ కేస్ షీటే మేలనీ అంటారు. నిజమే, మందు మోతాదుకూ పాత చికిత్స వివరాలకూ అదే మేలు; గజిబిజి చేతిరాత రోగికి చేటు. రోజూ అందరితోనూ ప్రాసెస్ రికార్డింగ్ చేయమని ఎవరూ కోరరు. అయితే మూడో గడి రాసి రాసి చెవి పదునెక్కిన నర్సు పెట్టే గుర్తుకూ, ఆ సాధన లేని నర్సు పెట్టే గుర్తుకూ తేడా ఉంటుంది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: మానసిక సమస్య అంటేనే పరువు ప్రశ్నగా చూసే మన సమాజంలో, ఎదురుగా మనిషి లేకపోతేనే కొందరు నోరు విప్పుతారు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడొచ్చు. ముఖం చాటున ఉండటం మేలు చేస్తుందని ఒప్పుకుంటాను. కానీ ఆ ఫోన్ అందుకునేది శిక్షణ పొందిన మనిషే. సాంకేతికత అక్కడ దూరాన్ని తగ్గించింది, వినేవారిని తొలగించలేదు.

అందుకే ఇన్ఫర్మాటిక్స్ పాఠంలో కొంత భాగం ఆరో సెమిస్టర్ వార్డు దాకా వెళ్లాలి. విద్యార్థిని తను రాసిన ప్రాసెస్ రికార్డింగ్‌నూ, అదే సంభాషణ మీద డిజిటల్ ఫారంలో తను పెట్టిన గుర్తులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన ప్రాథమిక వైద్య రికార్డులు చూసే హక్కును రోగికి ఇచ్చింది. రేపు ఆ మనిషి తన రికార్డు తెప్పించుకుంటే, “సహకరించడం లేదు” అన్న గడిలో గుర్తు మాత్రమే కనబడవచ్చు. లేదా ఆ రోజు తనను చూడటానికి ఎవరూ రాలేదని తను అన్న మాట, తన మాటల్లోనే కనబడవచ్చు.