హాలెలో ఒక బడి, అందులో మన అక్షరాలు

ఒకప్పుడు మన నూజివీడు పిల్లలకు పైచదువులంటే అమెరికాయే. ఈమధ్య జర్మనీ పేరు కూడా గట్టిగా వినిపిస్తోంది. వెళ్ళినవాళ్ళు సెలవుల్లో పంపే ఫొటోల్లో హైడెల్‌బర్గ్ కోట, కొలోన్ చర్చి, పక్క దేశం దాకా వెళ్తే వియన్నా రాజభవనాలు కనిపిస్తుంటాయి. అన్నీ చూడదగ్గవే. అయితే తెలుగువాడు ముందు చూడాల్సిన ఊరు వేరే ఉంది. దాని పేరు హాలె. లైప్‌జిగ్ నుంచి రైల్లో అరగంట ప్రయాణం.

సాలె నది ఒడ్డున ఉప్పు వండి బతికిన ఊరది. మార్కెట్ నడిబొడ్డున నాలుగు గోపురాల చర్చి, దాని ఎదుట విడిగా నిలబడ్డ ఎర్ర గోపురం ఉంటాయి. మార్టిన్ లూథర్ మరణించినప్పుడు ఆయన ముఖానికి తీసిన అచ్చు ఆ చర్చిలోనే ఉంది. సంగీతకారుడు హాండెల్ 1685లో పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మామూలు యాత్రికుడు ఇంతటితో తిరుగు రైలెక్కుతాడు. మనం మాత్రం ఇంకో పది పదిహేను నిమిషాలు నడిచి ఫ్రాంకె సంస్థల ప్రాంగణానికి వెళ్ళాలి.

నిజానికి అదొక బడి. ఆగస్ట్ హెర్మాన్ ఫ్రాంకె అనే పాస్టరు 1695లో తన చందా పెట్టెలో పడిన నాలుగు థాలర్ల పదహారు గ్రోషెన్ల సొమ్ముతో పేదపిల్లలకు చదువు మొదలుపెట్టాడు. 1698లో అనాథాశ్రమ భవనానికి పునాది పడింది. 1727లో ఆయన కన్నుమూసేనాటికి అక్కడ రెండు వేలమందికి పైగా పిల్లలు చదువుతున్నారు. సొంత అచ్చుకూటం, పుస్తకాల అమ్మకం, మందుల తయారీ కూడా బడిని నిలబెట్టాయి. చందా రసీదు పుస్తకం పట్టుకుని గడపగడపా ఎక్కిన మన సంఘం పెద్దలకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1706లో డెన్మార్క్ రాజు పంపగా తరంగంబాడిలో దిగిన జీగెన్‌బాల్గ్ హాలెలో చదివినవాడే. 1719లో అదే దారిన వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరవాత మద్రాసు చేరి, అక్కడి తెలుగువాళ్ళ దగ్గర మన భాష నేర్చుకున్నాడు. తెలుగుకు ఒక వ్యాకరణం కూడా రాసుకున్నాడు. 1743లో హాలెకు తిరిగి వెళ్ళి, అక్కడే తెలుగు అక్షరాలు పోత పోయించి 1746, 1747 సంవత్సరాల్లో చిన్న చిన్న క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా చరిత్రకారులు లెక్కించేవి ఇవే.

తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. కేరీ తెలుగు వ్యాకరణం సెరంపూర్‌లో అచ్చయింది 1814లో. మద్రాసులో క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో వచ్చింది. మచిలీపట్నంలోనూ ఉద్యోగం చేసిన మన బ్రౌన్ దొర పుట్టిందే 1798లో. షుల్జ్ పుస్తకాలు వెలువడేనాటికి మన వైపు రాత అంటే ఇంకా తాటాకు, గంటమే.

పైగా అది తేలిక పని కాదు. లాటిన్ లిపికి పెద్దవీ చిన్నవీ కలిపినా యాభై చిల్లర అచ్చులతో పని జరుగుతుంది. మనకు గుడి, కొమ్ము, ఏత్వం, ఆపైన కింద వేలాడే వత్తులు. గుణింతం దిద్దించిన ప్రతి మాస్టారికీ ఆ లెక్క తెలుసు. అన్నిటినీ సీసంలో పోసి వరసలో నిలబెట్టాలి, అదీ తెలుగు మాట వినపడని ఊళ్ళో.

ఆ పుస్తకాల ఉద్దేశం మతప్రచారమే, సాహిత్యసేవ కాదు. ఆ సంగతి దాచక్కర్లేదు. నాకు గుచ్చుకునేది వేరొకటి. షుల్జ్ పేరు చరిత్రలో నిలిచింది, ఆయనకు మద్రాసులో తెలుగు చెప్పినవాళ్ళ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేవు. బల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన కులం కదా మనది, ఆ మాత్రం ఉక్రోషం రాకుండా ఉంటుందా! ఆ వ్యాకరణం సంగతి మరీ చిత్రం. రాతప్రతిగానే రెండు శతాబ్దాలకు పైగా ఉండిపోయి, చివరికి 1984లో హాలెలోనే అచ్చయింది.

ప్రాంగణంలో తీరిగ్గా చూడవలసినవి రెండున్నాయి. అనాథాశ్రమం అటక మీద వింతవస్తువుల గది ఒకటి. బొమ్మలు గీసిన పాత బీరువాలు, పైకప్పు నుంచి వేలాడే మొసలి, మన దేశం నుంచి చేరిన వస్తువులు అక్కడ ఉన్నాయి. రెండోది 1728 నాటికి పూర్తయిన గ్రంథాలయ భవనం. పుస్తకాల అరలు నాటకాల స్టేజి పక్కతెరల్లా వరసగా నిలబడి ఉంటాయి. తూర్పు జర్మనీ కాలంలో ఈ భవనాలు శిథిలావస్థకు వచ్చాయి. 1990 తరవాత మరమ్మతులు చేసి నిలబెట్టుకున్నారు. ఈనాటికీ అక్కడ బళ్ళు నడుస్తున్నాయి.

అంత పాత పుస్తకాలు వెళ్ళి అడగ్గానే చేతికివ్వరు కాబట్టి గ్రంథాలయానికి ముందుగా రాసి వెళ్ళడం మంచిది. జర్మనీలో ఉన్న మన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో ఎవరైనా అనుమతి తీసుకుని ఆ 1746 నాటి పుస్తకంలోంచి ఒక పేజీ నకలు సంపాదిస్తే మన బడి లైబ్రరీకి పంపండి. ఫ్రేము కట్టించే ఖర్చు నాది.