దంతమూల ప్రక్షాళనము

పన్ను పుచ్చినదనగానే లోపల పురుగు పడినదనుట మన యిండ్లలో పరిపాటి. ఈ నమ్మకము మనకే పరిమితము కాదు. ప్రాచీన బాబిలోనియాలోను, ఐరోపాలోను వేల యేండ్లు నిలిచియుండెను. 1728లో దంతవైద్యమునుగూర్చి ఒక మహాగ్రంథమును ప్రకటించిన ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫొషార్ దీనిని త్రోసిపుచ్చెను.

పంటి నడుమ నరములు, నెత్తురునాళములు గల మెత్తని పదార్థమొకటి కలదు. అది వేరులలోని సన్నని కాలువలగుండ దవడను చేరును. పిప్పి లోతునకు దిగినపుడు ఆ పదార్థము చీకి, వేరు కొనయందు చీము పట్టును. ఆ చీకిన భాగమును తీసి, కాలువను శుభ్రపరచి మూసినచో పన్ను నిలుచును. ఇందులకై 1838లో అమెరికాలో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారపు స్ప్రింగును ఆకురాయితో అరగదీసి సన్నని పనిముట్టును తయారుచేసెను.

కాని పనిముట్టు దొరికినంతమాత్రమున శుద్ధి సమకూడలేదు. లోపల మాలిన్యము మిగిలియుండగనే పైన బంగారు తొడుగులు వేయుట సాగెను. 1910లో ఆంగ్ల వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ప్రసంగించుచు, దేహమునందలి పెక్కు రోగములకు ఇట్టి దంతములే మూలమని తీవ్రముగ ఖండించెను. ఆ భయము దశాబ్దములపాటు ప్రబలెను. కీళ్లనొప్పి తగ్గునన్న ఆశతో నిలుపదగిన దంతములను సైతము లెక్కలేనన్నిటిని పీకివేసిరి.

పరిష్కారము యుద్ధభూమినుండి వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున సైనికుల గాయములు కుళ్లిపోకుండుటకు హెన్రీ డేకిన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు సోడియం హైపోక్లోరైట్‌ను పలుచని ద్రావణముగ సిద్ధపరచెను. బట్టలను తెలుపుచేయు ద్రవము కూడ ఈ జాతిదే. ఇది సూక్ష్మజీవులను చంపుటయేగాక చీకిన పదార్థమును కరగించును. పిమ్మట దంతవైద్యులు దీనినే వేరుకాలువలను కడుగుటకు స్వీకరించిరి.

కడుగుట ఏల ముఖ్యమో వాల్టర్ హెస్ పరిశోధనలు తెలిపినవి. కాలువలు సూటి గొట్టములు కావు; చెట్టువేళ్లవలె చీలి, కలిసి, వంకలు తిరిగియుండును. లోహపు మొన చేరలేని చోటికి ద్రవము చేరును. పనిముట్టు గీరినపుడు రాలు గట్టి పొడిని కరగించుటకు 1957లో నార్వే దేశపు నైగార్డ్ ఓస్ట్‌బీ మరియొక ద్రావణమును ప్రవేశపెట్టెను.

1965లో అమెరికాలో కకెహాషి, ఆయన సహచరులు తుదిసాక్ష్యము చూపిరి. ఎలుకల దంతములకు రంధ్రము చేయగా, సూక్ష్మజీవులు లేని ఎలుకలలో ఆహారము ఇరుకుకొన్నను లోపలి పదార్థము బ్రతికి, గాయము పూడెను. తక్కిన ఎలుకలలో అది చీకిపోయెను. శత్రువు పురుగు కాదు, కంటికి కానరాని సూక్ష్మజీవి యని తేటపడెను.

నేడు వంగు గుణముగల నికెల్-టైటానియం పనిముట్లు వచ్చినవి. ద్రవమును కదలించుటకు అతిధ్వని యంత్రములు వచ్చినవి. అయినను డేకిన్ నాటి ఆ రసాయనమే నేటికిని ప్రధాన ప్రక్షాళకము. కావున పన్ను పీకించుకొనుటకు ముందు, దానిని శుభ్రపరచి నిలుపవచ్చునా యని వైద్యుని ఒక్కమాట అడుగుట మేలు. పీకిన పన్ను మరల మొలవదు.