కట్టుకుంటే జరిమానా

భీమిలి వెళ్ళినప్పుడల్లా మా పిల్లలు సముద్రం వైపు పరిగెడతారు, నేను డచ్చివాళ్ళ సమాధుల వైపు నడుస్తాను. ఎక్కడి హాలెండు, ఎక్కడి భీమునిపట్నం! అంతదూరం నుంచి వాళ్ళు వచ్చింది ముఖ్యంగా మన బట్టల కోసమేనంటే నమ్ముతారా? ఇంగ్లీషువాళ్ళూ అంతే. 1611లో బందరులో దిగారు. 1682లో విశాఖపట్నంలో వర్తకస్థావరం పెట్టారు. తెచ్చేది వెండి, పట్టుకెళ్ళేది బట్ట.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆనాటి యూరప్ ప్రభువుల లెక్క మన ఇంటి జమాఖర్చుల పుస్తకం లాంటిదే. వచ్చేది ఎక్కువగా, పోయేది తక్కువగా ఉండాలి. వెండి బంగారాలు దేశంలోనే పోగుపడాలి. అందుకని వర్తకం పగ్గాలు ప్రభుత్వం చేతిలో ఉండాలి. మరి వెండి అంతా ఓడలెక్కి మన తీరానికి వచ్చేస్తోందాయె! 'ఆ సరుకు పరదేశాలకు అమ్మితే పోయినదానికి మించి తిరిగొస్తుంది' అని వాదించాడు కంపెనీ డైరెక్టరు థామస్ మన్. ఆయన పుస్తకం ఆయన పోయాక, 1664లో అచ్చయింది.

కానీ లండన్ ఆడవాళ్ళు ఊరుకుంటేనా? చిరివేరుతో అద్దిన ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకీ వెలవదు. ఒంటికి హాయి. అందరూ అవే కట్టారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళ మగ్గాలు మూలపడ్డాయి. 1700లో పార్లమెంటు ఇంగ్లండులో వాడకానికి అద్దకం బట్టల దిగుమతి నిషేధించింది. తెల్లబట్ట తెప్పించి లండన్‌లోనే అద్దుకోసాగారు! 1719లో నేతగాళ్ళు నడివీధిలో ఆడవాళ్ళ మీదపడి గౌన్లు చించారు, సిరా పోశారు. వాళ్ళ ఆకలి అబద్ధమని నేననను. కానీ ఆఖరికి చట్టం వచ్చి పడింది ఎవరిమీద? కట్టుకున్నవాళ్ళ మీద. 1721 చట్టం ప్రకారం అద్దకం బట్ట ఒంటిమీద కనిపిస్తే 5 పౌన్ల జరిమానా. కంపెనీ మాత్రం అదే బట్ట తెచ్చి పైదేశాలకు నిక్షేపంలా అమ్ముకోవచ్చు.

ఏభై ఏళ్ళు దాటినా ఆ పట్టు సడలలేదు. ప్రఖ్యాత నటుడు గారిక్ భార్యకు కలకత్తా స్నేహితులు బందరు అద్దకపు మంచం తెరలు కానుకగా పంపారు. కస్టమ్స్‌వాళ్ళు పట్టుకున్నారు. 1775లో ఆ మహానటుడు తెరలు ఇప్పించమని అధికారులను బతిమాలుకున్నాడు. ఆ మంచం ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఈ సంగతి చదివిన రోజున మా ఇంట్లో ఉన్న బందరు దుప్పటి తీసి చూశాను. పోయినేడు పిల్లలు దానిమీద కాఫీ ఒలకబోశారు. ఉతికితే కాఫీ మరక పోయింది గానీ, ఎరుపు అలాగే ఉంది.