గర్భస్థ శిశువు కదలికలు – మృత శిశు జననం: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• గర్భస్థ శిశువు కదలికకు ప్రాచీన వైద్యం, న్యాయశాస్త్రం ఇచ్చిన అర్థాలను వివరించగలుగుతారు.
• కదలికలను లెక్కించే పద్ధతి ఎలా పుట్టిందో, దాని పరిమితులు ఎలా బయటపడ్డాయో చెప్పగలుగుతారు.
• కదలిక తగ్గినప్పుడు ఆలస్యం ఎందుకు ప్రమాదకరమో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

“బిడ్డ బాగా తిరుగుతున్నాడా?” అని నెలలు నిండుతున్న గర్భిణిని ఇంట్లో పెద్దవాళ్లు అడగడం మీరు వినే ఉంటారు. మామూలు పలకరింపులా అనిపించే ఈ ప్రశ్నకు వైద్యచరిత్రలో చాలా ప్రాధాన్యం ఉంది.

తొలిసారి గర్భం దాల్చిన స్త్రీకి సాధారణంగా 18 – 20 వారాల మధ్య బిడ్డ కదలిక తెలుస్తుంది. అంతకు ముందు కాన్పు అయినవారికి 16 వారాలకే తెలియవచ్చు. 32 వారాల వరకు కదలికలు పెరుగుతాయి. ఆ తర్వాత కాన్పు దాకా ఇంచుమించు అదే స్థాయిలో కొనసాగుతాయి. మావి సరిగా పనిచేయక ఆక్సిజన్ తక్కువగా అందినప్పుడు బిడ్డ శక్తిని పొదుపు చేసుకోవడానికి కదలడం తగ్గిస్తుంది. కదలిక తగ్గిన గర్భిణుల్లో ఎక్కువ మందికి ఆరోగ్యవంతమైన బిడ్డలే పుడతారు. అయినా కొందరిలో అది మృత శిశు జననానికి ముందు వచ్చే హెచ్చరిక.

28 వారాలు నిండిన తర్వాత ప్రాణం లేకుండా పుట్టడాన్ని అంతర్జాతీయ గణాంకాల్లో మృత శిశు జననంగా లెక్కిస్తారు. 2021లో ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి జననాలు సుమారు 19 లక్షలని ఐక్యరాజ్య సమితి సంస్థల అంచనా. తల్లికి మాత్రమే తెలిసే ఒక సంగతిని సమాజం, న్యాయస్థానం, వైద్యశాస్త్రం ఏ మేరకు నమ్మాయి? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే.

2. ప్రాచీన గ్రంథాల్లో కదలిక

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ మగబిడ్డ సుమారు నలభయ్యో రోజున కుడివైపున, ఆడబిడ్డ తొంభయ్యో రోజున ఎడమవైపున కదులుతుందని రాశాడు. ఇది నిజం కాదు. అయినా కదలికను గర్భంలో ఒక మైలురాయిగా చూసే అలవాటు అప్పటికే ఉందని దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో సుశ్రుత సంహిత నాలుగో నెలలో గర్భస్థ శిశువు హృదయం వ్యక్తమవుతుందని, అందుకే గర్భిణి రెండు హృదయాలు గలదని చెప్పింది. ఈ గ్రంథంలోని నిదానస్థానం బిడ్డ కడుపులోనే మరణించినప్పుడు కనిపించే లక్షణాలను కూడా పేర్కొంది. వాటిలో మొదటిది గర్భంలో చలనం లేకపోవడం. అంటే కదలికకూ ప్రాణానికీ ఉన్న సంబంధం ప్రాచీన వైద్యులకు తెలుసు. కాని వారు గుర్తించింది మరణం జరిగిన తర్వాతి చిహ్నాన్ని. మరణానికి ముందు కదలిక తగ్గడాన్ని హెచ్చరికగా వాడుకోవడం చాలా కాలం తర్వాత వచ్చిన ఆలోచన.

3. న్యాయస్థానంలో కదలిక

ఇంగ్లండులో మరణశిక్ష పడిన స్త్రీ తాను గర్భవతినని చెప్పుకుంటే, నిజానిజాలు తేల్చడానికి పన్నెండు మంది స్త్రీలతో ఒక జ్యూరీని నియమించేవారు. బిడ్డ కదులుతున్నదని వారు నిర్ధారిస్తే శిక్షను వాయిదా వేసేవారు. ఆమె మాట ఒక్కటే చాలదు, ఇతర స్త్రీలు చేయి వేసి చూడాలి. 1931 నాటి చట్టంతో ఈ పద్ధతి పోయింది.

1803 నాటి ఆంగ్ల చట్టం, కదలిక తెలిసిన తర్వాత చేసిన గర్భస్రావానికి మరణశిక్ష, అంతకు ముందైతే తక్కువ శిక్ష విధించింది. 1837లో అక్కడ ఈ తేడాను తొలగించారు. కాని 1860 నాటి భారత శిక్షాస్మృతిలో అది మళ్లీ కనిపిస్తుంది. 312వ సెక్షన్ ప్రకారం గర్భస్రావం చేయించిన నేరానికి మూడేళ్ల వరకు, బిడ్డ కదలిక తెలిసే దశలో అయితే ఏడేళ్ల వరకు జైలుశిక్ష. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కూడా ఈ తేడాను కొనసాగించింది. ఒక పాత నమ్మకం చట్టంలో ఎంతకాలం నిలుస్తుందో గమనించండి.

4. కదలిక నుండి గుండె చప్పుడుకు

1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టాడు. 1818లో జెనీవాకు చెందిన మేయర్ గర్భిణి పొట్టకు చెవి ఆనించి బిడ్డ గుండె చప్పుడు విన్నట్లు వెల్లడించాడు. 1821లో ఫ్రాన్సులో కెర్గరాడెక్ స్టెతస్కోపుతో అదే చప్పుడు విన్నాడు. నిజానికి అతడు వినాలనుకున్నది బిడ్డ కదిలినప్పుడు ఉమ్మనీరు చేసే శబ్దాన్ని! కదలికను వెతుకుతూ వెళ్లి గుండె చప్పుడును కనుగొన్నాడు.

1895లో పినార్డ్ రూపొందించిన కొమ్ము ఆకారపు గొట్టం, 1958 తర్వాత విస్తరించిన అల్ట్రాసౌండ్, 1960లలో వచ్చిన గుండె చప్పుడును నమోదు చేసే యంత్రాలు ఈ మార్గాన్నే ముందుకు తీసుకెళ్లాయి. వీటివల్ల ఎంతో మేలు జరిగింది. అయితే ఇంట్లో ఉన్న 24 గంటలూ బిడ్డను గమనించగలిగేది తల్లి ఒక్కతే. పరీక్ష ఆ నిమిషపు స్థితిని చెబుతుంది, రాత్రికి ఏమవుతుందో చెప్పదు.

5. లెక్కింపు కాలం

1973లో జెరూసలేం వైద్యులు సడోవ్‌స్కీ, యాఫే తల్లులు రోజూ నమోదు చేసిన కదలికలపై పరిశోధన ప్రచురించారు. గుండె చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే కదలికలు పూర్తిగా ఆగిపోవడాన్ని సడోవ్‌స్కీ ప్రమాద సంకేతంగా వర్ణించాడు. అంటే కదలిక ఆగడానికీ ప్రాణం పోవడానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. బిడ్డను కాపాడగల సమయం అదే.

1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌కు చెందిన పియర్సన్, వీవర్ పన్నెండు గంటల్లో పది కదలికలను కనీస హద్దుగా సూచించారు. ఇందులోంచి “పది వరకు లెక్కించు” పట్టిక పుట్టింది. ఉదయం తొమ్మిది నుండి లెక్క మొదలుపెట్టి, పదో కదలిక తెలిసిన సమయాన్ని తల్లి గుర్తు పెట్టాలి. ఖర్చు లేదు, యంత్రం అక్కరలేదు. అందుకే ఇది చాలా దేశాలకు పాకింది.

6. 1989 నాటి పరీక్ష

ఈ పద్ధతి నిజంగా ప్రాణాలు కాపాడుతుందా? గ్రాంట్, ఆయన సహచరులు సుమారు 68,000 మంది గర్భిణులపై జరిపిన అధ్యయనం 1989లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. రోజూ లెక్కించిన సమూహంలో మృత శిశు జననాలు తగ్గలేదు.

ఈ ఫలితాన్ని మీరు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. తల్లులు గుర్తించలేదని కాదు. కదలిక తగ్గిందని గమనించినా, వైద్యం అందే సమయానికి చాలామంది బిడ్డలు అప్పటికే మరణించి ఉన్నారు. పైగా పది అనే అంకె అందరికీ సరిపోదు. రోజంతా చురుగ్గా కదిలే బిడ్డ కదలికలు సగానికి పడిపోయినా పది దాటవచ్చు. అప్పుడు పట్టిక “పరవాలేదు” అంటుంది, తల్లి మనసు మాత్రం కాదంటుంది.

7. నేటి అవగాహన

2009లో నార్వే పరిశోధకులు తల్లులకు సమాచారం ఇచ్చి, ఆసుపత్రుల్లో ఒకే విధమైన పరీక్షా పద్ధతి అమలు చేసినప్పుడు మృత శిశు జననాలు తగ్గాయని ప్రకటించారు. కాని 2018లో వెలువడిన బ్రిటన్, ఐర్లండ్ దేశాల అధ్యయనంలో ఆశించిన ఫలితం రాలేదు. నాలుగు లక్షలకు పైగా గర్భాలను పరిశీలించిన ఆ అధ్యయనంలో మృత శిశు జననాలు వెయ్యికి 4.40 నుండి 4.06కు మారాయి. ఈ తేడా గణాంకశాస్త్ర రీత్యా నిర్ధారణకు చాలలేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి. కాబట్టి అవగాహన ఒక్కటే మందు కాదు, దాని వెనుక సరైన వైద్యవ్యవస్థ ఉండాలి.

మృత శిశు జననాల సంఖ్య అత్యధికంగా ఉన్న దేశాల్లో మన దేశం ఒకటి. 2014 నాటి భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి ఈ రేటును వెయ్యికి పది కంటే తక్కువకు తేవాలని లక్ష్యంగా పెట్టుకుంది.

నేటి వైద్య సలహా ఒక నిర్ణీత అంకె మీద ఆధారపడదు. ప్రతి బిడ్డకూ తనదైన కదలిక తీరు ఉంటుంది. ఆ తీరు మారినా, కదలిక తగ్గినా అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. నెలలు నిండితే కదలిక తగ్గుతుందన్న మాట సరికాదు. తీపి తిని, చల్లని నీళ్లు తాగి తెల్లారేదాకా చూద్దామనుకోవడం ప్రమాదం. రాత్రివేళ బండి దొరకకపోతే 108కి ఫోన్ చేయాలి. మొదటిసారి అంతా బాగుందని చెప్పి పంపినా, మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లాలి. “ఊరికే కంగారు పడుతున్నావు” అని ఇంట్లోవారు గాని, సిబ్బంది గాని ఆమెను వెనక్కి పంపకూడదు.

ఇంత చేసినా కొన్ని మరణాలు ఆగవు. అటువంటప్పుడు తల్లిని నిందించడం అన్యాయం. గమనించడం ఆమె వంతు అయితే, వెంటనే స్పందించడం కుటుంబం, ఆసుపత్రుల వంతు.

8. సారాంశం

ప్రాచీన వైద్యులు కదలిక లేకపోవడాన్ని మరణ చిహ్నంగా చూశారు. చట్టం కదలికను శిక్ష నిర్ణయించే గీతగా వాడుకుంది. పంతొమ్మిదో శతాబ్దపు వైద్యం దృష్టిని గుండె చప్పుడు వైపు మళ్లించింది. 1970లలో తల్లి అనుభవం అంకెగా మారింది. 1989 తర్వాత ఆ అంకె కంటే మార్పును గమనించడం, వెంటనే వైద్యం అందడం ముఖ్యమని తేలింది.

మాదిరి ప్రశ్నలు

1. భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్‌లో గర్భస్థ శిశువు కదలికకు ఉన్న స్థానాన్ని వివరించండి.
2. “పది వరకు లెక్కించు” పద్ధతి పరిమితులు ఏవి?
3. 1989 అధ్యయన ఫలితాన్ని తల్లుల వైఫల్యంగా ఎందుకు భావించకూడదు? చర్చించండి.