జావాలో టైప్ ఇన్‌ఫరెన్స్: చారిత్రక పరిణామం

పరిచయం

గత భాగంలో జెనరిక్ మెథడ్‌లను రాయడం నేర్చుకున్నారు. వాటిని పిలిచేటప్పుడు టైపు పేరు చెప్పకపోయినా ప్రోగ్రాం పనిచేయడం మీరు గమనించే ఉంటారు. చెప్పని టైపును కంపైలరే నిర్ణయించుకోవడాన్ని టైప్ ఇన్‌ఫరెన్స్ అంటారు. ఈ సౌకర్యం జావాలోకి ఒక్కసారిగా రాలేదు. ఎలా వచ్చిందో ఇప్పుడు పరిశీలిద్దాం.

నేపథ్యం

ఈ ఆలోచన జావా కంటే పాతది. తర్కశాస్త్రంలో రోజర్ హిండ్లీ 1969లో, ప్రోగ్రామింగ్‌లో రాబిన్ మిల్నర్ 1978లో దీనికి పునాది వేశారు. ఎడిన్‌బరోలో మిల్నర్ బృందం రూపొందించిన ఎం.ఎల్. భాషలో టైపులు రాయవలసిన అవసరం చాలా తక్కువ. జావాలో అది అంత సులభం కాదు. ఇక్కడ స్ట్రింగ్ అయిన ప్రతి విలువా ఆబ్జెక్ట్ కూడా అవుతుంది. అందువల్ల ఒక విలువకు తగిన టైపులు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. వాటిలో ఏది ఎంచుకోవాలన్నదే కంపైలర్ ఎదుర్కొనే సమస్య.

జెనరిక్స్ రాక

మొదట్లో లిస్ట్ నుంచి తీసిన ప్రతి అంశమూ ఆబ్జెక్ట్‌గానే వచ్చేది. దానిని మనమే కావలసిన టైపులోకి మార్చుకోవాలి. పొరపాటు చేస్తే కంపైలర్ పట్టుకోలేదు; ప్రోగ్రాం నడుస్తుండగా ఆగిపోయేది. 1998లో బ్రాకా, ఒడెర్స్‌కీ, స్టౌటమైర్, వాడ్లర్ జి.జె. అనే విస్తరణను ప్రతిపాదించారు. దాని ఆధారంగానే 2004లో జావా 5లో జెనరిక్స్ వచ్చాయి. పాత ప్రోగ్రాంలు కొత్తవాటితో కలిసి పనిచేయాలి కాబట్టి, కంపైలర్ సరిచూశాక టైపు పారామీటర్లను చెరిపివేసే పద్ధతిని ఎంచుకున్నారు. కనుక ఇన్‌ఫరెన్స్ అంతా కంపైల్ సమయంలోనే పూర్తవుతుందని గుర్తుంచుకోండి.

క్రమవికాసం

జావా 5 కంపైలర్ ముందుగా ఆర్గ్యుమెంట్లను చూసేది. అవి చాలకపోతే ఫలితాన్ని ఏ టైపు వేరియబుల్‌లో ఉంచుతున్నామో చూసేది. ఉదాహరణకు, ఖాళీ లిస్ట్‌ను ఇచ్చే ఎంప్టీలిస్ట్ మెథడ్ ఫలితాన్ని స్ట్రింగ్‌ల లిస్ట్ వేరియబుల్‌లో ఉంచితే ఇబ్బంది లేదు. అదే ఫలితాన్ని స్ట్రింగ్‌ల లిస్ట్ కోరే మరో మెథడ్‌కు నేరుగా ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే, కంపైలర్ దానిని ఆబ్జెక్ట్‌ల లిస్ట్‌గా తీసుకుని తప్పు చూపేది. అప్పుడు టైపును మనమే రాయవలసి వచ్చేది. 2011లో జావా 7 డైమండ్ గుర్తును తెచ్చినా ఈ చిక్కు తీరలేదు. 2014లో జావా 8 లాంబ్డాలతో పాటు ఇన్‌ఫరెన్స్‌నూ విస్తరించాక, పిలిచే మెథడ్ ఏ టైపు కోరుతోందో కూడా కంపైలర్ చూడసాగింది. 2018లో జావా 10 స్థానిక వేరియబుల్స్‌కు 'వార్' ఇచ్చింది.

సారాంశం

ప్రతి మెట్టులోనూ రాయవలసినది తగ్గింది. తనిఖీ మాత్రం తగ్గలేదు. టైపు రాయలేదంటే టైపు లేదని అర్థం కాదు. ఈ తేడా తెలిస్తే కంపైలర్ చూపే తప్పులను మీరే సరిదిద్దుకోగలరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: జావా 7లో తప్పుగా చూపిన ఎంప్టీలిస్ట్ పిలుపు జావా 8లో ఎందుకు సరిపోయింది?