మన్ననూరులో పిల్లల వైద్యం, బియ్యం కార్డు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు నల్లమలలోకి ప్రవేశించేచోట మన్ననూరు ఉంది. అటవీశాఖ చెక్‌పోస్టు ఇక్కడే, నల్లమల ఆదివాసులైన చెంచుల కోసం పెట్టిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసూ ఇక్కడే. అడవిలోకి ఎవరు పోవచ్చో చెప్పేవాళ్లూ, అడవిలో ఉన్నవాళ్లకు ఏం అందాలో చూసేవాళ్లూ ఒకే ఊళ్లో కూర్చున్నారు. అయినా లోపలి పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, ఒక బిడ్డ బక్కచిక్కిపోతే ఎవరి పని ఎక్కడ మొదలవుతుందన్నది ఇప్పటికీ తేలని ప్రశ్నే. మన్ననూరు ఉన్న అమ్రాబాద్ పీఠభూమి గత ఎనభై ఏళ్ల చరిత్ర చదివితే నాకు ఒక సంగతి బలంగా కనిపిస్తుంది. బిడ్డకు చేసే వైద్యం ఆ ఇంటి తిండినీ, తల్లి కూలినీ, దారిఖర్చునూ లెక్కలోకి తీసుకున్నప్పుడే పేదల గడప తొక్కింది. మందు ఒక్కటే పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ మధ్యదారిలో ఆగిపోయింది. కాబట్టి ఇంటి అవసరాల గురించి మొదటి ప్రశ్న పిల్లల డాక్టరు గదిలోనే పడాలని నా వాదన.

1940లో మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఈ పీఠభూమి మీదికి వచ్చి చెంచులతో ఉండి వాళ్ల బతుకును రాసుకున్నాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆరోగ్యం అంటూ విడిగా తీసి చూడగలిగిన విషయం దొరకడం కష్టం. గడ్డలు తవ్వే కర్ర, తేనె, ఇప్పపువ్వు, ఋతువును బట్టి మారే మకాం, ఏ కుటుంబం ఏ అడవి భాగంలో తిరగొచ్చన్న కట్టుబాటు, ఇవన్నీ ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. బిడ్డ కడుపు నిండటం ఆ అల్లికలో ఒక పోగు. ఊళ్ల పక్కన చేరి రైతుల మీద ఆధారపడ్డ చెంచుల బతుకు, అడవిలో స్వేచ్ఛగా తిరిగేవాళ్ల బతుకు కంటే మెరుగ్గా లేదని కూడా ఆయన గమనించాడు. ఆయన సిఫారసు మీద నిజాం ప్రభుత్వం 1940ల తొలినాళ్లలో సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల రిజర్వుగా ప్రకటించింది. తిండి దొరికే జాగాను కాపాడితే మనుషులు నిలుస్తారన్నది అందులోని ఆలోచన. ఆ రోజుల్లో ప్రభుత్వం చేసిన పనుల్లో పసిపిల్లలకు అన్నిటికన్నా మేలు చేయగలిగింది అదేనని నా అభిప్రాయం, ఆ ఉత్తర్వులో పిల్లల మాట ఉన్నా లేకపోయినా.

తరవాతి దశాబ్దాల్లో ఆ అల్లిక పోగుపోగుగా విడిపోయి శాఖలకు పంచబడింది. 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ తేనె, జిగురు కొని, డి.ఆర్. డిపోల ద్వారా రోజువారీ సరుకులు అమ్మింది. 1975లో ఐసీడీఎస్ పథకం మొదలై అంగన్‌వాడీల చేతికి పిల్లల తిండీ, టీకాలూ, బరువు తూచే పనీ ఇచ్చింది. చెంచులను ఆదిమ గిరిజన తెగగా గుర్తించి, శ్రీశైలం కేంద్రంగా వాళ్ల కోసమే ఒక ఐటీడీఏ పెట్టారు. అదే కాలంలో, 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, 1983లో పులుల రిజర్వు వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు చెంచుల బాధ్యత మన్ననూరు ఐటీడీఏకు వచ్చింది, 2016లో జిల్లా కూడా మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్‌కు మారింది. ఒక్కో శాఖ తన పని తాను చేసిందనే అనుకుందాం. బిడ్డ బరువు తూచిన మనిషికి ఆ ఇంటికి బియ్యం కార్డు ఉందో లేదో తెలియదు. కార్డు ఇచ్చే మనిషికి ఆ బిడ్డ బరువు తెలియదు.

పోషకాహార శాస్త్రంలో పేరున్న పరిశోధన జరిగింది మన హైదరాబాద్‌లోనే. కూనూరు నుంచి 1958లో ఇక్కడికి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఆయన సహచరులు పేద పిల్లల తిండిని పరిశీలించి, వాళ్లకు అసలు లోటు మొత్తం తిండిలోనే ఉందని తేల్చారు. ప్రత్యేకంగా మాంసకృత్తుల పొడి తెచ్చి పెట్టడం కన్నా ఇంట్లో తినే అన్నమే సరిపడా ఉండాలన్నది దాని అర్థం. అందుకే 2003 మే 2న సుప్రీంకోర్టు తిండి హక్కు కేసులో ఆదిమ తెగల కుటుంబాలన్నిటికీ నిరుపేదలకిచ్చే అంత్యోదయ రేషన్ కార్డులు ఇవ్వాలని ఆదేశించడం నా దృష్టిలో పిల్లల వైద్య చరిత్రలో భాగమే. 2013 ఆహార భద్రతా చట్టం కూడా అంత్యోదయ కుటుంబానికి నెలకు 35 కిలోలను నిలిపి ఉంచింది. ఒక పెంటలో పాలు తాగే బిడ్డ తల్లికి ఈ 35 కిలోలు అందుతున్నాయా అని అడగటం, ఐరన్ మాత్ర వేసుకుంటున్నావా అని అడగటం కన్నా తక్కువ వైద్యమా?

ప్రభుత్వాలు ఈ సంగతి తెలియనట్టు ప్రవర్తించలేదు, అది గుర్తుంచుకోవాలి. పేదలకు ఉచిత చికిత్స ఇచ్చే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, అంటే మన్ననూరు కూడా అందులోనే. దానికి ముందు నడిచింది పిల్లల గుండె ఆపరేషన్లకు ప్రభుత్వం డబ్బు కట్టిన కార్యక్రమం. ఆపరేషన్ ఖర్చుతోపాటు రోగికి భోజనం, తిరుగు ప్రయాణం ఛార్జీ కూడా పథకంలో చేర్చక తప్పలేదు. కానీ ఆ పథకంలోకి రావాలంటే తెల్ల రేషన్ కార్డు ఉండాల్సి వచ్చేది. 2011 మార్గదర్శకాలతో నడుస్తున్న పోషకాహార పునరావాస కేంద్రాల్లో, చేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గిన పిల్లలను చేర్చుకుని, పక్కనే ఉండే తల్లికి భోజనమూ, పోయిన కూలికి కొంత పరిహారమూ ఇస్తారు. అది లేకపోతే, ఇంట్లో మరో ఇద్దరు పిల్లలున్న తల్లి రెండు వారాలు వార్డులో ఎలా ఉంటుంది? బాలింతలకు ఇచ్చిన 2017 నాటి కేసీఆర్ కిట్‌లో విడతలుగా ఇచ్చిన 12 వేలో 13 వేలో టీకాలకు ముడిపడి ఉండటమూ, 2022 డిసెంబరులో గర్భిణుల న్యూట్రిషన్ కిట్‌కు ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో నాగర్‌కర్నూల్, గద్వాల ఉండటమూ అదే దారి. ఎక్కడ పని జరిగిందో అక్కడ వైద్యంతోపాటు కూలో, కూడో, ఛార్జీయో కలిసి నడిచింది. ఎక్కడ ఆగిందో అక్కడ ఆధారో, బ్యాంకు ఖాతానో, కుల ధ్రువపత్రమో లేక ఆగింది.

డాక్టరుకు ఉన్న పని చాలదా, కార్డుల గొడవ కూడా ఆయన నెత్తిన పెట్టాలా అని అడగొచ్చు. అలాంటి పని చేసిన డాక్టర్లు ముందే ఉన్నారు. 1960లలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో జాక్ గైగర్ అనే డాక్టరు నల్లజాతి పేద కుటుంబాల పిల్లలకు మందుచీటీ మీద తిండి రాసి, కిరాణా కొట్టు బిల్లును ఆరోగ్య కేంద్రం మందుల ఖాతాలో వేశాడు. మందుల డబ్బుతో తిండి ఏమిటని పైఅధికారులు నిలదీస్తే, పోషకాహార లోపానికి వైద్యగ్రంథాల్లో ఉన్న మందు తిండేనని జవాబు చెప్పాడు. తరవాత బోస్టన్‌లో పిల్లల డాక్టరు బారీ జుకర్‌మన్ తన ఆసుపత్రి పిల్లల విభాగంలోకి 1993లో లాయర్లను తెచ్చాడు, చెమ్మ పట్టిన ఇంటిని యజమాని చేత బాగు చేయించనిదే బిడ్డ ఉబ్బసం తగ్గదు కనుక. 1990ల చివర్లో కాలేజీ విద్యార్థులు అక్కడే బల్ల వేసుకుని కుటుంబాలకు సాయం చేసే పద్ధతీ వచ్చింది. డాక్టరు చేయాల్సింది ఒక ప్రశ్న అడగడం, జవాబును పక్కబల్లకు పంపడం. మన్ననూరులో ఆ పక్కబల్ల మీద కూర్చోవడానికి చదువుకున్న చెంచు యువతీయువకులు ఉన్నారు, ఐటీడీఏ ఆఫీసు కూతవేటు దూరంలో ఉంది. అడిగి ఇవ్వలేకపోతే అడగకపోవడమే నయమన్న అభ్యంతరం ఇంకా బరువైనది, దాన్ని తేలిగ్గా తోసేయలేను. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనిచోట ఆ ప్రశ్న నిజంగా క్రూరమే. ఇక్కడ మాత్రం అడిగేవాటిలో ఎక్కువ భాగం ఇప్పటికే చట్టం ఒప్పుకున్నవి. లోటు ఇచ్చేదానిలో కన్నా కాగితంలో ఉంది, కాగితం రాయించడం ఆఫీసు చేయగల పని.

ఇలా ఇస్తూ పోతే చెంచులు సర్కారు మీదే ఆధారపడతారని మరికొందరి భయం. ఈ అవసరం ఎక్కడ పుట్టిందో చూస్తే ఆ భయం నిలవదు. గడ్డలూ, వేటా, తిరిగే స్వేచ్ఛా అభయారణ్య నిబంధనల్లో ఇరుకైనాక వచ్చిన లోటు ఇది, కాబట్టి ఇచ్చేది దానం కాదు, బాకీ. పెంటలను అడవి బయటికి తెస్తే వైద్యం దానంతటదే అందుతుందనే వాదన కూడా బలంగానే వినిపిస్తోంది. దూరం తగ్గుతుంది, నిజమే, రాత్రిపూట జ్వరం వచ్చిన బిడ్డను అచ్చంపేట ఆసుపత్రికి చేర్చడం తేలికవుతుంది. కానీ ఊరి పక్కకు చేరిన చెంచుల గురించి 1940లోనే హైమెండార్ఫ్ గమనించినది అడ్డు నిలుస్తుంది. అడవి తిండి పోయి, కూలి దొరకని నెలల్లో ఆసుపత్రి పక్కన ఉన్న ఇల్లు కూడా ఆకలిగానే ఉంటుంది.

2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో ఇళ్లు, రోడ్లు, నీళ్లు, అంగన్‌వాడీలు, సంచార వైద్య వాహనాలు ఒకే పేరు కింద చేరాయి. విడదీసిన పోగులను మళ్లీ కలపాలన్న తలంపు కాగితం మీద స్పష్టంగా ఉంది. అప్పాపూరు లాంటి లోపలి పెంటకు వెళ్లే వాహనంలో బరువు తూచే యంత్రంతోపాటు దరఖాస్తులు నింపి, వేలిముద్ర తీసుకుని, వచ్చే విడతకు జవాబు తెచ్చే మనిషి ఒకరు కూర్చోవాలి. ఆ మనిషి జీతం వైద్యశాఖ ఖాతాలో పడాలి.