ఏరియల్: ఎత్తుట, నిలుపుట

ఒకప్పుడు మన ఊళ్లలో రేడియో గల ఇంటిని దూరమునుండియే గుర్తింపవచ్చును. మిద్దెపై రెండు వెదురు గడలు, వాని నడుమ సాగిన రాగి తీగ కనబడుచుండెను. 1938లో మద్రాసు, 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రములు ప్రారంభమైన పిదప ఇట్టి తీగలు క్రమముగా పెరిగినవి. ఈ తీగయే ఏరియల్. దానిని ఎత్తుట ఎంత ముఖ్యమో, పడకుండ నిలుపుట అంత ముఖ్యమని శాస్త్రజ్ఞులు నష్టపడి నేర్చుకొనిరి.

1887 ప్రాంతమున జర్మనీలో హెర్ట్జ్ తన ప్రయోగశాలలో విద్యుదయస్కాంత తరంగములను పుట్టించి చూపెను. 1895లో ఇటలీలో మార్కొనీ తన పరికరపు ఒక కొనను భూమితోను, రెండవ కొనను ఎత్తున కట్టిన లోహముతోను కలిపెను. సంకేతములు రెండు కిలోమీటర్లకు పైగా పోయి, కొండ అవతల వినబడినవి. ఏరియల్ ఎత్తు పెరిగినకొలది దూరము పెరుగునని తేలెను.

1901లో అట్లాంటిక్ సముద్రమును దాటి సంకేతము పంపుటకై ఇంగ్లండులోని పోల్డూ వద్ద 20 స్తంభములను వలయముగా నిలిపిరి. ఒక్కొక్కటి 200 అడుగుల ఎత్తు. ప్రతి స్తంభమును వలయమునకు లోపలి వైపునను, వెలుపలి వైపునను మాత్రమే నేలకు కట్టిరి. ప్రక్కలకు పొరుగు స్తంభమే ఆధారము. వివియన్ అను ఇంజనీరు గాలి బలమును లెక్కించి, ఈ అమరిక నిలువదని హెచ్చరించెను. ఆయన మాట చెల్లలేదు. సెప్టెంబరు 17న తుపాను గాలికి స్తంభములన్నియు కూలెను. నవంబరులో అమెరికాలోని కేప్ కాడ్ వద్ద అట్టి వలయమే కూలినది.

పోల్డూలో రెండు స్తంభములతో తాత్కాలికమైన ఏరియల్ కట్టిరి. మార్కొనీ న్యూఫౌండ్లండుకు పోయి, గాలిపటముతో 500 అడుగుల తీగను ఎత్తించెను. డిసెంబరు 12న పోల్డూ సంకేతము వింటినని ప్రకటించెను. దానిని శంకించినవారును కలరు.

పోల్డూ నేర్పిన పాఠము మన మిద్దెకును వర్తించును. గడలు తీగ ఆధారముగా నిలువరాదు. ప్రతి గడను మూడు దిక్కులకు, సమాన కోణములలో, విడిగా లాగి కట్టవలెను. ఒక కొన చెట్టుకు కట్టినచో అచట కప్పీ అమర్చి, తాడు చివర బరువు వ్రేలాడదీయవలెను. చెట్టు ఊగినను తీగ తెగదు. తీగ కొనలకు గ్రుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లు వాడుదురు. అందు రెండు తీగల ముడులు ఒకదానిలో నొకటి చిక్కుకొని యుండును. పింగాణీ నొక్కుడును బాగుగా సహించును. ఒకవేళ పగిలినను తీగ క్రింద పడదు. కరెంటు తీగలకు దగ్గరగా ఏరియల్ ఎన్నడును కట్టరాదు.

గాలి కంటె పిడుగు ప్రమాదకరము. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గులో రిచ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఇంటిపై ఇనుప కడ్డీ నిలిపి మేఘవిద్యుత్తును పరిశీలింపబోయెను. కడ్డీని భూమితో కలుపలేదు. పిడుగుపాటుకు ఆయన అచటనే మరణించెను. అందుచేతనే ఏరియల్ ను ఇంటి వెలుపలనే భూమితో కలుపు స్విచ్చి అమర్చుదురు. మబ్బు పట్టకముందే ఆ స్విచ్చి వేయవలెను. ఉరుములు మొదలైన తరువాత తీగను తాకరాదు.

ఫెర్రైటు కడ్డీ గల ట్రాన్సిస్టరు రేడియోలు వచ్చిన పిదప మిద్దెలపై గడలు తగ్గినవి. అయినను స్ఫటిక రేడియో చేయు విద్యార్థికి నేటికిని పొడవైన తీగ కావలెను. ఆ పని చేయించు ఉపాధ్యాయులు ముందుగా కొన్ని పుల్లలను వలయముగా నిలిపి, దారముతో ఒకదాని కొకటి కట్టించి, ఒక దానిని త్రోయించి చూపుదురుగాక. పిదప ప్రతి పుల్లను విడిగా నేలకు కట్టించి, మరల త్రోయింపవలెను. వివియన్ లెక్క విద్యార్థులకు కంటి యెదుటనే తెలియును.